బావతో ఒక్క బెంచీ మీద

జనవరి 9

ఈ రోజూ చెట్టుతోనే మాట్లాడాను.

"ఓ కానుగ చెట్టూ, బావను జర మెల్లగ నడవమను. ముంగట రాళ్లున్నయి."

బావ విన్నారు. అడుగు తగ్గించారు. చెట్టు ఏమీ చెప్పలేదు, ఆ సంగతి మా ఇద్దరికీ తెలుసు.

పెళ్లయిన నాటి నుంచీ ఇంతే. మా ఆయనకు అన్న కాబట్టి ఎదుట పడకూడదు, ముఖం చూడకూడదు, మాట కలపకూడదు. తల మీద కొంగు ఉండాలి. చెప్పక తప్పనిది ఉంటే గోడకో, కట్టేసిన బర్రెకో చెప్పాలి, ఆయన వినాలి. బాన్సువాడ ఇంట్లో గోడలకు కొదవ లేదు. ఇక్కడ, ఈ కూకట్‌పల్లి కాలనీ పార్కులో, గోడ దూరం. అందుకని చెట్లు.

జనవరి 10

ఆసుపత్రి కోసం కొడుకింటికి వచ్చిన బావను చూసుకోవడానికి నన్నే ఎందుకు పంపారంటే... ఖాళీగా ఉన్నది నేనొక్కదాన్నేనట.

మా ఆయనకు యాసంగి నాట్లు. బావ భార్య, మా అక్క, ఉంటే తన మొగుణ్ణి తనే చూసుకునేది, పోయిన ఏడాది పోయింది. బావ కొడుకు రవి తెల్లవారకముందే ఆఫీసు క్యాబ్ ఎక్కుతాడు. కోడలు సౌజన్య తలుపు వేసుకుని రోజంతా కంప్యూటర్‌లో మీటింగులు. జీతానికి పెట్టుకున్న మనిషిని బావ గిన్నె విసిరి ఒక్క రోజులో తరిమారు. ఇక మిగిలింది నేను.

ఇరవై ఏళ్లకు పైగా ఆయన ఎదుటికి రావద్దన్న ఇల్లే ఇప్పుడు ఊరుకాని ఊళ్లో ఆయనతో వదిలింది. స్నానానికి నీళ్లు తోడవచ్చు, అన్నం కలిపి పెట్టవచ్చు, పార్కులో నడిపించవచ్చు. పనికి ఆచారం అడ్డు రాదు. మాటకే వస్తుంది.

జనవరి 12

బావకు పక్షవాతం వచ్చింది కుడి వైపు. కాలు కొంత తిరిగి వచ్చింది. చెయ్యి రాలేదు. మాట పోయింది. మిగిలింది ఒక్కటే... "వద్దు."

అన్నం పెడితే "వద్దు" అంటూ కంచం దగ్గరికి లాక్కుంటారు. నీళ్ల వైపు చూపించి "వద్దు". ఫ్యాన్ వేయమని "వద్దు". మా ఇంట్లో ఆ మాట అందరికంటే ఎక్కువ వాడింది ఆయనే, అదే మిగిలింది. ఈ రోజు నవ్వు ఆగలేదు, కొంగు నోట్లో కుక్కుకుని వంటింట్లోకి పరుగెత్తాను. అక్కడ నిలబడ్డాక ఏడుపు కూడా వచ్చింది. ఎంత గొంతు ఆయనది. వాకిట్లో మాట్లాడితే వీధి చివర వినపడేది.

జనవరి 13

నడిపించేటప్పుడు వెనక కాదు, పక్కన ఉండాలట, కుడి పక్కన. పడిపోతే పట్టుకోవడానికి. చెయ్యి ఎలా పట్టుకుంటాను?

రవి ఉపాయం చెప్పాడు. పొద్దున పోయే ముందు వాళ్ల నాన్న కుడి మణికట్టుకు తువ్వాలు ఒక కొస చుట్టి పోతాడు. రెండో కొస నా చేతిలో. అలా పార్కు అంతా తిరిగాం. చీపురుతో ఆకులు ఊడుస్తున్న ఒకామె ఆగి చూసింది.

"ఏందక్కా, పెద్దమనిషిని పలుపు కట్టి తోల్కపోతున్నవ్?"

మన దిక్కు మాట. చెవి దానంతటదే నిక్కింది. పేరు కమల. పెద్ద కొడప్‌గల్ దగ్గర తండా. మొగుడు మేస్త్రీ పని కోసం వస్తే వెంట వచ్చిందట, పార్కులో పని దొరికిందట. బాన్సువాడ అనగానే చీపురు కింద పెట్టి కూర్చుంది. అంగడి గురించి అడిగింది, బస్టాండు పక్క మిర్చి బండి గురించి అడిగింది. తువ్వాలు గురించి చెబితే చాలాసేపు నవ్వింది. బావ అటు తిరిగి నిలబడ్డారు.

జనవరి 16

ఆసుపత్రి. మాటలు నేర్పే మేడం... చిన్న పిల్ల, మా అమ్మాయి కంటే కాస్త పెద్దదేమో. బావతో నన్ను ఏదైనా మాట్లాడమంది. నేను కిటికీ పరదా వైపు తిరిగి "బావకు ఆకలైతున్నదేమో" అన్నాను.

"మీరు ఎవరితో మాట్లాడుతున్నారు?"

"బావతోనే."

"ఆయన ఇటున్నారు కదండీ."

రవి ఏదో నచ్చజెప్పబోయాడు. ఆ పిల్ల వినలేదు. కోపం లేకుండా, నెమ్మదిగా చెప్పింది. తిరిగి వచ్చే మాటల్లో ఎక్కువ భాగం ఈ కొద్ది నెలల్లోనే వస్తాయి. పొద్దంతా వెంట ఉండే మనిషి ఎదురుగా కూర్చుని మాట్లాడాలి. ఆయనకు పెదవులు కనపడాలి. అడగాలి, జవాబు కోసం ఆగాలి. ఆయన తరఫున మనం చెప్పెయ్యకూడదు. ఇలా వదిలేస్తే ఆ ఒక్క మాట దగ్గరే ఆగిపోవచ్చు.

"పొద్దంతా ఎవరుంటారు?"

అందరూ నా వైపు చూశారు. ఇంట్లో ఆయనతో మాట్లాడకూడనిది నేనే. ఆయనతో ఉండేదీ నేనే.

తిరుగు దారిలో ఆటోలో రవి అన్నాడు, "నువ్వేం ఫికర్ చెయ్యకు చిన్నమ్మా. ఫోన్ల వీడియోలు పెట్టిపోత, డాడీ సూసి నేర్సుకుంటడు."

జనవరి 17

ఫోన్ పెట్టాను. బావ "వద్దు" అన్నారు. ఈసారి నిజంగానే వద్దని అర్థం.

జనవరి 19

కమలను మధ్యలో పెట్టుకుందామని చూశాను. నేను కమలతో చెప్పాలి, కమల బావతో చెప్పాలి.

"కమలా, బావను నీళ్లు అనమను."

"తాతా, నీళ్లు అనాలెనంట."

కాసేపు ఇలాగే సాగింది. తర్వాత కమల చీపురు ఎత్తుకుంది.

"నువ్వే చెప్పరాదక్కా. ఆయనకు చెవులు మంచిగనే ఉన్నయి, నీకు నోరు మంచిగనే ఉన్నది. నడుమ నేనెందుకు? నా పని నాకున్నది."

నిజమే. దాని పని దానికి ఉంది. నా పని ఏమిటో నాకు తెలుసు. భయం... ఎవరికి భయపడుతున్నానో మాత్రం సరిగ్గా తెలియడం లేదు. ఇక్కడ చూసేవాళ్లు ఎవరు?

జనవరి 20

మాట్లాడాను.

రోజూ ఆయన బెంచీ మీద, నేను కింద గడ్డిలో. ఈ రోజు బెంచీ రెండో చివర కూర్చున్నాను. కొంగు భుజం మీదికి దించాను. ఆయన వైపు తిరిగాను.

"బావా."

ఆ పిలుపు నా గొంతులో ఎప్పుడూ లేదు. ముఖం చూశాను. ఎడమ కనుబొమ్మలో పాత గాటు ఉంది, ఇన్నేళ్లూ ఒక్క ఇంట్లో తిని తిరిగి నాకు తెలియదు. కళ్లు అచ్చం మా ఆయనవే. చటుక్కున తల తిప్పుకున్నారు.

"వద్దు."

"వద్దంటే నడవది. నీళ్లు కావాల్నా? నీళ్లు... అనుండ్రి."

అనలేదు. సీసా నా ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. ఎండ వచ్చే దాకా. ఆయన తాగలేదు, నేనూ తాగలేదు. ఇద్దరం నాలుక ఎండిపోయి ఇంటికి వచ్చాం. నాకు గెలిచినట్టే ఉంది.

జనవరి 21

సీసా ఎడమ చేత్తో విసిరారు. తెచ్చి మళ్లీ ఎదురుగా పెట్టాను.

జనవరి 22

మళ్లీ విసిరారు. దూరం తగ్గింది.

జనవరి 25

రోజూ వాకింగ్‌కు వచ్చే పెద్దాయన ఒకరు ఆగి అడిగారు, "మీవారికి తగ్గుతోందా అమ్మా?"

నాకు భూమి చీలితే బాగుండుననిపించింది. పక్క నుంచి గట్టిగా వినిపించింది.

"కాదు."

బావ. చెవులు ఎర్రగా అయిపోయి, కర్ర నేలకు కొట్టి... "కాదు. కాదు."

రెండో మాట వచ్చింది. పెద్దాయన కంగారుగా వెళ్లిపోయారు. నేను పరుగున కమల దగ్గరికి పోయి చెప్పాను. వద్దు తర్వాత కాదు. ఏం మనిషో. కానీ వచ్చింది. సిగ్గు పోయి సంతోషం మిగిలింది.

జనవరి 28

"నీ... నీల్లు."

సీసా ఇచ్చాను. తాగారు. ఆకులు ఊడ్చే చప్పుడు ఆగింది. కమల చూస్తోంది.

ఫిబ్రవరి 2

ఆదివారం. రవి నిద్ర లేవలేదు. లేపలేదు. తువ్వాలు సౌజన్య చుట్టింది. నేనే మెట్రో ఎక్కించి పబ్లిక్ గార్డెన్స్‌కు తీసుకుపోయాను. లిఫ్టు ఉంది కదా, భయం దేనికి? టికెట్ కౌంటర్ దగ్గర కాస్త తడబడ్డాను, అంతే.

ఎంత పెద్ద చెట్లు. మొదలు చుట్టూ నలుగురు చేతులు పట్టుకున్నా అందదు. గడ్డి మీద కుటుంబాలు, డబ్బాలు విప్పుకుని తింటున్నారు. ఒక ముసలావిడ కాళ్లు చాపుకుని నిద్రపోతోంది, పట్టపగలు, అందరి మధ్య. ఆమెను చూస్తూ కూర్చున్నాను.

నాకు పార్కులు నచ్చాయి. బావ కోసం కాదు, నాకే నచ్చాయి. బాన్సువాడలో బయటికి పోతే చేతిలో ఏదో ఒకటి ఉండాలి. కొడవలి, సద్ది గిన్నె, బతుకమ్మ, దవాఖాన చీటీ. ఏమీ లేకుండా కూర్చుంటే "ఏందమ్మా, గిక్కడ కూసున్నవ్, ఏమైంది?" అని అడుగుతారు. ఇక్కడ ఎవరూ అడగలేదు. ఇద్దరం పల్లీలు కొనుక్కుని తిన్నాం. బావ పొట్టు తీయలేరు. తీసి ఇచ్చాను. తీసుకున్నారు, నా వైపు చూడకుండా. అయినా తీసుకున్నారు.

ఫిబ్రవరి 5

కాలనీ పార్కులో రాత్రి వాన తడి. ఆయన కాలు జారింది. తువ్వాలు చేతిలో ఉండగానే పడిపోతున్నారు... తువ్వాలు వదిలి చెయ్యి పట్టుకున్నాను, మోచేతి దగ్గర, గట్టిగా. పడలేదు.

తర్వాత ఎవరం కదల్లేదు. చెయ్యి వదలాలా, పట్టుకోవాలా? వదిలితే మళ్లీ పడతారు. పట్టుకునే నడిపించాను. ఆయన మణికట్టు నుంచి జారిన తువ్వాలు బెంచీ మీదే మర్చిపోయి వచ్చాం. రేపు తీసుకురాను.

ఫిబ్రవరి 9

బొటానికల్ గార్డెన్. సౌజన్య కూడా వచ్చింది, ఆదివారమని. ఆమెది మా దగ్గరి వర్ని, కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డ వాళ్లు. "మా ఇళ్లల్లో ఇవన్నీ లేవత్తయ్యా, మీరెలా భరించారు?" అంటుంది. ఆమె మామగారితో ఎదురుగా నిలబడి మాట్లాడుతుంది, ఎవరూ ఏమనరు. కోడలికి ఉన్న వీలు మరదలికి లేదు. ఎవరు పెట్టారో ఈ లెక్క.

చెట్లకు పేర్లు రాసి పెట్టారు. నేను చదువుతూ పోతున్నాను, బావను అనమంటున్నాను. మద్ది. ఊహూ. రేల. ఊహూ. విసుగు పుట్టి కూర్చున్నారు. నేనూ పక్కనే కూర్చున్నాను. ఎదురుగా ఆకులు లేని చెట్టు, నిండా ఎర్రగా పూసి ఉంది. నేనేమీ అడగలేదు. ఆ వైపు చూస్తూ ఆయనే...

"మోదుగు."

ఊపిరి బిగబట్టాను.

"మోదుగు. ఆకు. ఇస్తారి."

విస్తర్లు కుట్టే ఆకు. చిన్నప్పుడు అడవికి పోయి తెచ్చేవాళ్లు కాబోలు. నేను నేర్పలేదు ఆ మాటలు. ఎక్కడి నుంచో ఆయనే తవ్వి తీశారు. ఏడ్చాను, అందరి ముందూ, కొంగు కూడా అడ్డం పెట్టుకోలేదు. సౌజన్య వీడియో తీసింది. ఆ సంగతి అప్పుడు పట్టించుకోలేదు.

ఫిబ్రవరి 10

ఆ వీడియో ఇంటి వాట్సప్ గ్రూపులో పెట్టింది. పాపం, సంతోషంతోనే పెట్టింది.

అత్తమ్మ గొంతు మెసేజ్... "నెత్తి మీద కొంగేది దానికి? ఒక్క బెంచీ మీద కూసుంటదా? ఇంటి ఇజ్జత్ పట్నంల పెట్టింది." మేనత్తలు, వాళ్ల కోడళ్లు, చేతులు జోడించిన బొమ్మలు, ఏడుపు బొమ్మలు. మోదుగు గురించి ఒక్కరూ అనలేదు.

మా ఆయన ఫోన్.

"బావతోటి ఒక్క బెంచీ మీద కూసున్నవంట."

"కూసున్న."

"అమ్మ పొద్దుగాల సంది బువ్వ తింటలేదు."

"బావ తింటుండ్రు. నీళ్లు అడిగి తాగుతుండ్రు. గది చెప్పుండ్రి అమ్మకు."

"గదంత సరే. జనం ఏమంటరు?"

"జనాన్ని వచ్చి నడిపియ్యమనుండ్రి. నేను ఇంటికొస్త."

పొలంలో ఉన్నట్టున్నాడు, మోటారు చప్పుడు.

"మోదుగు అన్నది ఇనలేదా మీరు?"

"ఇన్న," అన్నాడు. "మల్లమల్ల ఇన్న." తర్వాత మెల్లగా, "కొంగన్న జర ముంగటికి గుంజుకోరాదు?"

"గుంజుకుంటే నోరు కనవడది. నోరు కనవడకుంటే మాట రాదు."

పెట్టేశాడు. కోపంగా పెట్టేశాడో, ఏడుస్తున్నాడో. ఆయనకూ అన్న కదా.

ఫిబ్రవరి 11

అదే బెంచీ. అదే చోటు. కొంగు భుజం మీదే.

ఫిబ్రవరి 14

ఈ రోజు అడిగేశాను.

పెళ్లయిన కొత్తలో నాకు అంగన్‌వాడీ టీచర్ పోస్టు వచ్చింది. మా వీధిలోనే, ఇంటికి నాలుగు ఇళ్ల అవతల. ఎంపికైనట్టు చెప్పి పోయారు. నేను తలుపు వెనక చాయ్ గ్లాసులు పట్టుకుని నిలబడి ఉన్నాను. బావ హాల్లో మా ఆయనతో అన్నారు, "మనింటి ఆడోళ్లు నౌకరీ చేసుడేంది? వద్దని చెప్పు." అంతే. మా ఆయన లోపలికి వచ్చి "వద్దంట" అన్నాడు. నేను అప్పటికే విన్నాను. చాయ్ చల్లారిపోయింది. మళ్లీ వేడి చేసి పంపాను.

ఆ పోస్టు ఎవరికో వచ్చింది. ఆమె ఇప్పటికీ పిల్లలకు పాటలు పాడిస్తుంది. మా డాబా మీదికి వినిపిస్తాయి.

ఇదంతా బెంచీ మీద కూర్చుని, ముఖంలోకి చూస్తూ చెప్పాను. "ఎందుకు వద్దన్నరు బావా? నన్నెందుకు అడుగలే?"

విన్నారు. పూర్తిగా విన్నారు, కళ్లు చెబుతున్నాయి. పెదవులు కదిలాయి. ఆగాను.

"వద్దు," అన్నారు. కళ్లు మూసుకున్నారు.

అప్పుడు వద్దన్నానని ఒప్పుకున్నారా? ఇప్పుడు అడగవద్దని అన్నారా? లేక నోట్లో ఉన్నది అదొక్కటేనా? ఎవరు చెబుతారు? జవాబు లేని మనిషిని అడగడం అన్యాయమని మధ్యాహ్నం అనిపించింది. మాట ఉన్నన్నాళ్లూ అడిగే వీలు నాకు లేదు కదా, అదీ అన్యాయమే.

ఆయనకు మాట రావాలి. ప్రేమ అనుకుంటే అనుకోనీ, సేవ అనుకుంటే అనుకోనీ. నాకు జవాబు కావాలి. వచ్చిన రోజు మళ్లీ అడుగుతాను.

ఫిబ్రవరి 20

"ఎండ." "దా." "ఇంటికి." కమల ఊడుస్తూ దగ్గరికి వస్తే "జరుగు."

"జరుగుమంటుండు తాత," అని కమల మురిసిపోయింది. ఎవరైనా జరుగుమంటే మురిసిపోవడం మొదటిసారి చూశాను.

ఫిబ్రవరి 26

రెండు మాటలు కలవడం లేదు. "నీళ్లు" వస్తుంది, "ఇయ్యి" వస్తుంది, "నీళ్లు ఇయ్యి" రాదు. మేడం అంది, కలుస్తాయి, ఆపకండి. మధ్యలో ఆపితే వచ్చినవీ పోతాయి.

మార్చి 2

వచ్చే వారం అక్క సంవత్సరీకం. అందరం బాన్సువాడ పోవాలి.

మా ఆయన ఫోన్‌లో అంతా చెప్పాడు, అత్తమ్మ పక్కన కూర్చుని చెప్పించినట్టుంది. కార్యం అయ్యాక బావ ఇక అక్కడే ఉంటారు. చూసుకోవడానికి మనిషిని మాట్లాడారు. "ఆడ సుట్టాలుంటరు. ఇంట్ల మాత్రం మాట్లాడకు. మునుపు ఎట్లనో గట్లనే ఉండు."

"ఆ మనిషి బావతోటి మాట్లాడుతడా?"

"ఏం మాట్లాడుతడు? తానం పోస్తడు, పండుకోవెడ్తడు."

"మాటలు పోతయి."

"పోతే పోయినయి. ఉన్నదాంట్లనే ఎల్లదీస్తం."

ఎవరి మాటలని అంత తేలిగ్గా పోనిస్తారు?

మార్చి 4

పార్కులో చివరి పొద్దు. కమల నాకు కనకాంబరాలు ఇచ్చింది, పార్కువి కాదు, ఇంటి దగ్గరవట. బావ దానితో "పోత" అన్నారు. "పోయొస్త అనాలె తాతా," అంది. అనలేకపోయారు. మళ్లీ మళ్లీ ప్రయత్నించారు.

మార్చి 6

బాన్సువాడ.

గేటు దగ్గర నా చెయ్యి దానంతటదే కొంగు తల మీదికి లాగింది. నేను చెప్పనే లేదు. నా చెయ్యి మీద నాకే కోపం వచ్చింది. అయినా తీయలేదు. అత్తమ్మ వాకిట్లో ఉంది.

బావను చూసి అందరూ ఏడ్చారు, అందరూ మాట్లాడారు. "ఆకలైతుందా అన్నా? ఆకలైతుందంట, పెట్టుండ్రి." "అలిసినవా? అలిసిండు, పండుకోనియ్యుండ్రి." ప్రశ్న వాళ్లదే, జవాబూ వాళ్లదే. బావ ఒకరి నోటి నుంచి ఇంకొకరి నోటికి చూస్తూ ఉండిపోయారు.

మార్చి 8

గోడ అవతలి నుంచి వినిపిస్తోంది. "వద్దు." అన్నానికి వద్దు, నీళ్లకు వద్దు. మిగతావి ఎక్కడ పోయాయి? ఆ కొత్త మనిషి మంచివాడే, పాపం, ఒక్క ముక్క మాట్లాడడు.

చేతిలో పప్పు గరిటె ఉంది. ఎత్తి గోడకు కొట్టాను. అత్తమ్మ "ఏంది సప్పుడు" అంది. "బల్లి," అన్నాను.

మార్చి 9

పొద్దున్నే బావను మున్సిపాలిటీ పార్కుకు తీసుకుపోతానన్నాను. చిన్నదే, నాలుగు బెంచీలు, ఒక ఉయ్యాల. అయినా పార్కే.

"ఊళ్లె అందరు సూడంగనా?" అత్తమ్మ.

మా ఆయన నన్ను పెరట్లోకి పిలిచి, "కార్యం అయినంక సూద్దాం. గీ రెండొద్దులు ఊకో," అన్నాడు. బతిమాలుతున్నట్టే అన్నాడు. ఊరుకున్నాను. ఈ మాట రాయడానికే సిగ్గుగా ఉంది.

మార్చి 11

రాసి తీరాలి.

వాకిట్లో టెంటు. మగవాళ్లంతా కుర్చీల్లో. బావను మధ్యలో కూర్చోబెట్టారు. వాళ్ల మేనమామ, రుద్రూర్ నుంచి వచ్చినాయన, బావ భుజం మీద చెయ్యి వేసి అందరికీ చెబుతున్నాడు, "ఇగ మాట రాదు. మన కర్మ. మనమే అర్సుకోవాలె." ఎదురుగా మనిషి కూర్చుని వింటున్నాడు. వినపడదన్నట్టే చెబుతున్నాడు.

నేను వంటింటి తలుపు వెనక నిలబడ్డాను. నా పాత చోటు. బావ ముఖం కనిపిస్తోంది. కింద పెదవి వణికింది.

బయటికి వచ్చాను. కొంగు దించాను, ఈసారి నేనే, తెలిసి. కుర్చీల మధ్య నుంచి పోయి ఆయన ఎదురుగా నిలబడ్డాను. మాటలన్నీ ఆగిపోయాయి. ఎవరో దగ్గారు.

"బావా, ఏం కావాలె? మీరే చెప్పుండ్రి."

మేనమామ ఏదో అనబోయాడు. నేను ఆయన వైపు చూడలేదు. బావ నా వైపు చూశారు. తల తిప్పుకోలేదు. నోరు తెరిచారు.

"లోపలికి పో."

స్పష్టంగా. తడబాటు లేదు. పాత గొంతు, వీధి చివర వినపడే గొంతు. రెండు మాటలు కలిశాయి. వాటి కోసం నేను పార్కులన్నీ తిప్పాను, సీసాలు ఏరాను, పల్లీలు ఒలిచాను. అవి వచ్చాయి. వచ్చి నన్నే లోపలికి పొమ్మన్నాయి.

వెనక ఆడవాళ్లలో ఎవరో "మాటొచ్చింది, మాటొచ్చింది" అని ఏడుస్తున్నారు. అత్తమ్మ దేవుడి పటం వైపు దండం పెట్టింది. నాకు సంతోషం వేసింది, ఒళ్లు మండింది, రెండూ ఒక్కసారే. ఏది ముందో చెప్పలేను.

"పోను," అన్నాను.

మా ఆయన లేచి నిలబడ్డాడు.

"ఎందుకు పోవాల్నో చెప్పుండ్రి. మీరు చెప్తే ఇంట, ఆలోచిస్త. తలుపెనక నుంచి మాత్రం ఇనను."

"నువ్వు..." అన్నారు బావ. ఆగారు. వెతుకుతున్నారు. ముఖం ఎర్రబడింది. "నువ్వు..."

"నువ్వు ఆడిదానివి, లోపల ఉండాలె అంటుండు," అని మేనమామ పూర్తి చేశాడు.

బావ ఎడమ చెయ్యి పైకి లేపారు. ఆయన వైపు, ఆగమన్నట్టు. మేనమామ నోరు మూసుకున్నాడు. అందరం చూశాం ఆ చెయ్యి. తర్వాతి మాట మాత్రం రాలేదు. నేను నిలబడే ఉన్నాను. చివరికి వంటవాళ్లు విస్తర్లు వేయాలని వచ్చారు, జనం లేచారు, కుర్చీలు జరిగాయి.

మార్చి 12

అత్తమ్మ నాతో మాట్లాడడం లేదు. చుట్టాలు రాత్రే పోయారు. మా ఆయన చీకటితోనే చాయ్ తాగి, గ్లాసు తానే కడిగి పొలం పోయాడు. పోతూ గేటు బార్లా తెరిచి పోయాడు. మర్చిపోయాడో, ఏమిటో.

ఇప్పుడే తెల్లవారింది. చెప్పులు వేసుకుని అరుగు మీద కూర్చుని ఇది రాస్తున్నాను. ఆ కొత్త మనిషి రావడానికి ఇంకా టైముంది. బావను తీసుకుని పార్కుకు పొమ్మని ఎవరూ నన్ను అనలేదు, వద్దనీ అనలేదు. అయినా అడగలేదు నేను.

బావ గది తలుపు చప్పుడు.

కర్ర చప్పుడు. ఒక్కరే వస్తున్నారు. నడవడానికో, తిట్టడానికో. గడప దగ్గర ఆగారు. నన్ను చూశారు. నిన్న అందరి ముందు కష్టపడ్డట్టే మళ్లీ నోరు తెరుస్తున్నారు.

"నువ్వు..."

ఆయన వస్తే లేచి పక్కకు పోవాలి, ఈ ఇంట్లో. లేవలేదు. అరుగు మీదే కూర్చుని ఉన్నాను, ఆయన వైపు తిరిగి. పెదవులు కదులుతున్నాయి... ఎంతసేపైనా సరే, ఆ మాట ఆయనే పూర్తి చేయాలి.